నీళ్ల నడుమ ఎర్ర గుర్తు

ప్రభుదాసు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా కూర్చున్న మహేశ్వర్, ఈయన నిద్రపోయాడనుకుని నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. వనపర్తిలో జిరాక్సు షాపు పైన గది అద్దెకు తీసుకుని, డిటెక్టివ్ బోర్డు తగిలించి, ఈ మనిషితో కలిసి పని మొదలుపెట్టినప్పటి నుంచీ నాకు ఆ నిద్ర సంగతి తెలుసు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన ఇలా ఒరిగితే చూసేవాళ్లకు అది కునుకు, ఆయనకు ఆలోచన, నాకు ఒళ్లు మంట. అడగాల్సిన ప్రశ్నలన్నీ నేనే అడగాలి కదా!

గద్వాలలో వెబ్‌సైట్లు తయారుచేసే మహేశ్వర్ షాపులో ఆ పూట ఒక్క గిరాకీ లేదు. వీధిలో ఆటోలన్నీ జూరాల డ్యాం దిక్కే పోతున్నాయి. ఆషాఢం మబ్బు పట్టి వెలుతురు పలచబడింది. అద్దం తలుపులోంచి చూస్తే ఊరంతా నిద్రలో నడుస్తున్నట్టుంది.

"గుర్తును నీళ్లల్లకు జరిపింది ఎవరు?" అని అడిగాను.

"నేనైతె జరపలే అక్కా. ఒట్టు."

జరిగింది ఇదీ. హనుమంతు అనే ముసలి నేతగాడు నిన్న పొద్దున్నుంచి కనిపించడం లేదు. మగ్గం మీద పూర్తయిన చీర కూడా లేదు. ఆయన కోడలు సంధ్య ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతుంది. గద్వాలలో ఏ ఇంట్లో ఏ చీర నేస్తారో అందులో మ్యాపు మీద ఎర్ర గుర్తులు పెట్టి చూపిస్తుంది. కొనేవాళ్లు షాపుల చుట్టూ తిరగకుండా నేరుగా నేత ఇంటికే వస్తారు. మామ కనిపించక నిన్న ఆ మ్యాపు తెరిచి చూస్తే, ఆయన ఇంటి గుర్తు గద్వాలలో లేదు. తూర్పున ఎంతో దూరంగా, కొల్లాపూర్ అవతల, డ్యాం వెనక నిలిచిన కృష్ణ నీళ్ల నడుమ ఉంది. దగ్గర్లో ఊరు లేదు, దారి లేదు. అంతా నీలం, అందులో ఒక ఎర్ర చుక్క.

చీర కొన్నవాళ్లు పెట్టుకున్న డిటెక్టివ్ ఒకడు, సాయంత్రంలోగా చీర దొరక్కపోతే సంధ్య మీద కేసు పెట్టిస్తానని పొద్దుననే బెదిరించి పోయాడు. కానీ మాకు ఫోన్ చేసినప్పుడు ఆ పిల్ల చీర మాట ఎత్తలేదు. "మా మామను తెచ్చియ్యుండ్రి అక్కా. చీర పోతె పోనీ" అంది. మేం ఒప్పుకున్నది ఆ ఒక్క పనికే.

"నువ్వు జరపకుంటె నీ అకౌంట్ల ఎవరు జరుపుతరు?" అన్నాను మహేశ్వర్‌తో. "ఆ పిల్ల సైటుకు నీ అకౌంటెందుకు అసలు?"

అతను నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాడు. "ఇంతకుముందు అసుంటి చిన్న సైట్లోళ్లు కంపెనీ మ్యాపును ఊకెనే తెచ్చుకొని వాళ్ల పేజీల అతికిచ్చుకునేటోళ్లు. ఎవ్వరు అడిగేటోళ్లు గాదు. మొన్న ఎండలు మొదలైనప్పుడు రూల్ మార్చిండ్రు. ఇప్పుడు ఎవరి అకౌంట్ వాళ్లకుండాలె. బ్యాంకు కార్డు చూపెట్టాలె. వాళ్లిచ్చిన కీ, తాళంచెవి అసుంటి నంబరు, మన సైటుకు కట్టుకోవాలె. లేకుంటె మ్యాపు బూడిద రంగయి పోతది, పెట్టుకున్న గుర్తులన్ని మాయమైతయి. సంధ్య కార్డు వాళ్లు తీసుకోలే. పాపం పరేషాన్ల ఉండె. నా అకౌంట్ల పెట్టుకోపో అన్న."

"నీది అంత దొడ్డ మనసా?"

"పేజీ కింద నా పేరు ఏసుకున్న, అంతే అక్కా. గుర్తులన్ని మల్ల మొదట్నుంచి సంధ్యనే ఇల్లిల్లు తిరిగి పెట్టుకున్నది."

"మరి నిన్న ఈ గుర్తు ఎట్ల జరిగింది?"

"నిన్న జరగలే! పొద్దున్నుంచి అదే మొత్తుకుంటున్న, ఎవ్వరింటలేరు. పెట్టిన దినమే ఆడ పెట్టిండ్రు. ఉగాది పోయినంక. గప్పట్నుంచి ఆడనే ఉన్నది. సంధ్య ఫోన్ల నుంచే పెట్టిండ్రు."

ప్రభుదాసు కళ్లు తెరిచాడు. ఆయన కళ్లు తెరిచే తీరు కూడా నాకు నచ్చదు. ఎక్కడినుంచో తిరిగి వచ్చినట్టు, మనం ఎవరమో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూస్తాడు.

"ఇన్ని దినాలు ఎవ్వరు సూడలేదా?"

"హనుమంతు తాత ఇల్లు గద్వాలల ఎవరికి తెల్వదు సార్? ఫోన్ జేసి వచ్చేటోళ్లే ఎక్కువ. పేరు కనపడుతున్నదా లేదా అని సూసుకున్నరు, ఏడుందని ఎవరు సూస్తరు?"

"ఈ మాట రాఘవేందర్‌కు చెప్పినవా?"

ఆ పేరు వినగానే మహేశ్వర్ ముఖం పాలిపోయింది. మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టే నాగర్‌కర్నూలు డిటెక్టివ్ పేరు అది. చీర కొన్నవాళ్లు పెట్టుకున్నది ఆయన్నే.

"చెప్పిన సార్. 'అయితె సంధ్యనే దొంగ, అకౌంటు నీది గాబట్టి నువ్వు దొంగకు తోడు' అన్నడు. కటకటాలు లెక్కబెట్టిస్త అన్నడు. నాకెందుకీ లొల్లి? ఆ అకౌంటు మూసి పారేస్త."

"సాయంత్రం దాంక మూయకు" అన్నాడు ప్రభుదాసు. "గా గుర్తు ఒక్కటే మనకున్నది."

మహేశ్వర్ తల ఊపాడు. తల ఊపుతున్నంతసేపూ చేతిలో సీసా వణుకుతూనే ఉంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను, అది నా బుద్ధి తక్కువ.

ఆటోలో ప్రభుదాసు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. నేను మాత్రం కేసు తేలిపోయిందనుకుంటున్నాను. సంధ్య ఫోనులోంచే గుర్తు పెట్టారంటే ఇక మిగిలిందేముంది? ఏడుస్తూ ఫోన్ చేసిన పిల్ల మీద అనుమానపడాల్సి వచ్చినందుకు నా మీద నాకే విసుగ్గా ఉంది.

"రజితా, నీకు కలల ఇల్లు కనపడ్తె ఏ ఇల్లు కనపడ్తది?"

"ఇప్పుడు నా కలలెందుకు ప్రభన్నా?"

"చెప్పు జర."

"అచ్చంపేటల మేము చిన్నప్పుడున్న కిరాయిల్లు. ఎప్పుడొచ్చినా అదే వస్తది. దాన్ని కూలగొట్టి చాన్నాళ్లాయె."

"ఊఁ" అన్నాడు. అంతే. ఈయనకు జీతం ఇచ్చేది నేనే అయితే ఆ 'ఊఁ'కు సగం కోసేదాన్ని.

హనుమంతు ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. పక్కిళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి గనక ఆ నిశ్శబ్దం ఇంకా బరువుగా తెలుస్తోంది. గడప మీద హనుమంతు భార్య సత్యమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. లోపల సంధ్య గోడకు ఆనుకుని నిలబడితే, ఆమె ఎదుట నల్లద్దాలు నెత్తిమీదికి ఎత్తుకుని రాఘవేందర్ నిలబడి ఉన్నాడు. పోలీసు కొలువు మానేసి పదేళ్లయినా పోలీసు గొంతు మానలేదాయన.

"రాండ్రి, రాండ్రి. కలలు గనే సార్ వచ్చిండు. ఈ పారి ఏం కలొచ్చింది ప్రభుదాసూ?"

"నువ్వొచ్చినవ్ కలల. భయపడి లేసిన" అన్నాడు ప్రభుదాసు. "జర పక్కకు జరుగు, మగ్గం సూడాలె."

"సూసేదేమున్నది? బ్లేడు పెట్టి చీర కోసుకపోయిండ్రు. ముసలాయన అడ్డమొస్తె ఆయన్ను గూడ ఎత్తుకపోయిండ్రు. మ్యాపు ఖరాబైందని జనం అనుకోవాల్నని ఇంటి గుర్తు నీళ్లల్ల పడేసిండ్రు. అన్ని ఈ పిల్ల ఫోన్ల నుంచే." సంధ్య వైపు వేలు చూపించాడు. "మామ ఏడున్నడో చెప్పమంటె ఏడుపొకటి."

"గుర్తు పెట్టింది ఉగాదికి, చీర పోయింది నిన్న. అంత ముందుగాల తయారై దొంగతనం చేస్తరా ఎవరన్న?" అన్నాను.

"తెలివిగల్లోళ్లు చేస్తరమ్మా. నీకు తెల్వదు."

 ప్రభుదాసు అప్పటికే గుంత మగ్గం దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంతలోకి తన కాళ్లు కూడా జారవిడిచి, ఎదురుగా మిగిలిన దారాలను చూస్తూ కూర్చున్నాడు. పైకప్పులో అద్దం పెంకు ఒకటుంది. దాని వెలుతురు మగ్గం మీద మాత్రమే పడుతోంది. వెలుతురులో నూలు పొగలా లేచి తేలుతోంది. అందరం అటే చూశాం. ఆయన దారాలను ముట్టుకోకుండా వాటి మీదుగా గాలిలో చెయ్యి కదిలించాడు. రాఘవేందర్ కూడా నోరు మూసుకున్నాడంటే ఆ గది ఎలా ఉందో అనుకోండి.

"సంధ్యా, ఇటు రా బిడ్డా. ఇవి ఏంది?"

దువ్వెనలాంటి పన్నెలోంచి ఇవతలికి వచ్చిన, పొడుగునా బిగించే పడుగు దారాలు పిడికెడు పిడికెడు కుచ్చులుగా ముడివేసి ఉన్నాయి. అన్నీ ఒకే తీరున, ఒకదాని పక్కన ఒకటి.

"ముళ్లు సార్. చీర కోసినంక దారాలు పన్నెల నుంచి జారిపోకుండ ఏస్తరు. గవి జారినయంటె మల్ల ఒక్కొక్క పోగు దూర్చాలె, పానం పోతది. వీటికే కొత్త పడుగు అతుకుతరు. మగ్గాన్ని ఎన్నడు ఉత్తగ ఇడ్వరు."

"ఇవి మీ మామ ఏసిన ముళ్లేనా?"

సంధ్య వంగి చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామయే. ముడి ఏసి కొస లోపటికి మడుస్తడు. ఇంకెవ్వరు గట్ల చెయ్యరు."

ప్రభుదాసు గుంతలోంచి కాళ్లు తీసి రాఘవేందర్ వైపు తిరిగాడు. "దొంగ ముళ్లు ఏస్తడానోయ్?"

"అయితె ముసలాయనే దొంగ!" రాఘవేందర్ తడుముకోలేదు. "తన చీర తనే కోసుకొని ఇంకెవ్వరికో అమ్ముకున్నడు. కోడలు సాయం చేసింది. నా పార్టీని ముంచిండ్రు."

"అమ్ముకొని పారిపోయేటోడు వచ్చే చీర కోసం ముళ్లు ఏసి పోతడా? గీయన తిరిగి రావాల్ననే పోయిండు. కొత్త పడుగు అతకాల్ననే పోయిండు. మల్ల రాలేదంటె, రానియ్యంది ఏదో ఉన్నది." ఆయన గొంతు ఒక్కసారిగా మారింది. ఆ మార్పు నాకు తెలుసు. అది వచ్చిందంటే ఆయన పూర్తిగా మేలుకున్నట్టు. "నీ పార్టీ ఎవరు రాఘవేందర్?"

"అది చెప్ప. నా ధందా నాది."

"ఒక మనిషి పానం మీదికొచ్చింది."

"ఎవరన్నరు? నీ కల అన్నదా?" రాఘవేందర్ ఫోను తీసి మా ముఖాల ముందు ఆడించాడు. తెర మీద నీలం, నడుమ ఎర్ర గుర్తు, దాని కింద వరస అంకెలు. "ఇగో, సబూతు. పొద్దుననే ఫోటో తీసి పెట్టుకున్న. ఆ చోటు నంబర్లతోటి సహా. రేపు కోర్టుల ఇది మాట్లాడ్తది, నీ ముళ్లు గాదు."

ప్రభుదాసు అతన్ని వదిలేసి గడప దగ్గరికి నడిచాడు. సత్యమ్మ పక్కనే కింద కూర్చున్నాడు. పెద్దమనుషుల పక్కన కూర్చోవడం ఆయనకు బాగా వస్తుంది, అది ఒప్పుకోవాలి.

"అమ్మా, నిన్న పొద్దున హనుమంతన్నకు తినేతందుకు ఏం కట్టినవ్?"

సత్యమ్మ ఉలిక్కిపడింది. "జొన్న రొట్టెలు."

"ఎందరికి?"

ఆమె కొంగు ఇంకా పైకి లాక్కుంది.

"అత్తమ్మా, ఏదన్న ఉంటె చెప్పు" అంది సంధ్య.

"ఏం చెప్పాలె? ఈ వయసుల నా నోటితోటి ఏమని చెప్పాలె?" సత్యమ్మ గడప మీద చెయ్యి చరిచింది. "ఇద్దరికి సరిపోను రొట్టెలు చెయ్యమన్నడు. తోడు ఒకరున్నరు, పొద్దుమీకే వరకు వస్త అన్నడు. ఎవరని అడిగితె నవ్విండు. ఎనకనే పోయి మూలమలుపు దాంక సూసిన. ఒక ఆడమనిషి నిలబడ్డది, చేతుల బ్యాగు పట్టుకొని. ఇద్దరు కలిసి ఆటో ఎక్కిండ్రు. గీ ముచ్చట నేను కోడలికి చెప్పుకోనా? ఈయన," రాఘవేందర్‌ను చూపించింది, "చీర ఎవరికి అమ్మిండని మీదికొస్తున్నడు, ఈయనకు చెప్పుకోనా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పరువు కోసం ఈ తల్లి ఒక రాత్రీ ఒక పగలూ నోరు కుట్టేసుకుని కూర్చుంది.

"ఆడమనిషి ముసలామెనా?" ప్రభుదాసు అడిగాడు.

"నా అంత ఉంటది."

ఆయన లేచి సంధ్య ఎదుట నిలబడ్డాడు. "బిడ్డా, ఉగాది పోయినంక నువ్వు ఇల్లిల్లు తిరిగి గుర్తులు పెట్టినవు గదా. మీ మామ గుర్తు నువ్వు పెట్టినవా, ఆయన పెట్టిండా?"

సంధ్య ఆలోచించింది. ఆ ఆలోచన ముఖం మీదికి రావడం నేను చూశాను. పెదవులు మెల్లగా విడిపోయాయి.

"ఎవరిది వాళ్లే పెట్టుకున్నరు సార్. ఫోను చేతికిచ్చి, మీ ఇల్లు ఏడున్నదో వేలు పెట్టుండ్రి అన్న. మామకు గూడ గట్లనే ఇచ్చిన. నేను పొయ్యి మీద పాలు సూస్తున్న. మామ చానసేపు పట్టుకొని కూసున్నడు. నది ఎంబడి వేలు జరుపుకుంట, జరుపుకుంట... నాకు నవ్వొచ్చింది. మ్యాపుల నది సూస్తున్నడనుకున్న."

"మీ మామ పుట్టిన ఊరేది?"

జవాబు గడప మీదినుంచి సత్యమ్మ చెప్పింది. "బూరుగుదిన్నె. నీళ్లల్ల మునిగి పోయింది. డ్యాం కట్టినప్పుడు ఖాళీ చేపిచ్చిండ్రు అందర్ని. గాడ ఈయన నాయిన మగ్గం గుంత ఉన్నది, రాతి గుంత. ఈయన నేర్చుకున్నది అండ్లనే. ఎండలకు నీళ్లు దిగితె గోడలు తేల్తయి. సాటుమాటుగ పోయొస్తడు, పోయొచ్చినప్పుడల్ల జరమొచ్చి పండుకుంటడు. ఆ ఊరి మాట ఎత్తితె నేను కొట్లాడుత. గందుకే నాకు చెప్పకుండ పోయిండా?"

ఆ మాటతో నాకు అచ్చంపేట ఇల్లు కళ్ల ముందుకు వచ్చింది. కూలిపోయిన ఇల్లే, కానీ నా చేతికి ఫోను ఇచ్చి మీ ఇల్లెక్కడో వేలు పెట్టమని ఎవరైనా అడిగితే? మునిగిన ఊళ్లవాళ్లను మీదేవూరు అని అడగండి, ఇప్పటికీ నీళ్లలో ఉన్న పేరే చెబుతారు. మ్యాపు ఖరాబు కాలేదు. హనుమంతు వేలు పొరపాటు పడలేదు.

"ఈ చీర చెప్పినామె పేరేంది సంధ్యా?" అన్నాడు ప్రభుదాసు.

"ఇందిరమ్మ. పుణెలుంటది. చిన్నప్పుడే ఇంటోళ్లు పనికని తీస్కపోయిండ్రంట. ఒకపారి మ్యాపు సూసి, ఫోన్ చేసి 'మా ఊర్ల మగ్గం పెట్టిందెవరమ్మా?' అని అడిగింది. నాకు సమజ్ గాలే. ఫోన్ మామకిచ్చిన. మామ చాన నవ్వుకుంట మాట్లాడిండు. అట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే. తర్వాత ఆమెనే చీర చెప్పింది. నీరుల్లిపొర రంగు, మిరపపండు అంచు."

"చీర ఏడ తీసుకుంట అన్నది?"

"సైటుల రెండుంటయి సార్. పోస్టుల పంపమనొచ్చు, లేకుంటె నేత ఇంటికాడ తీసుకుంట అనొచ్చు. ఆమె నేత ఇంటికాడనే అని..." సంధ్య మాట మధ్యలో ఆగిపోయింది.

అప్పుడు నేను రాఘవేందర్ వైపు చూశాను. ఆయన నల్లద్దాలు నెత్తి మీదినుంచి జారి కింద పడ్డాయి. తీసుకోలేదు.

"ఇందిరమ్మ కొడుకు నా పార్టీ" అన్నాడు. పోలీసు గొంతు ఎటుపోయిందో పోయింది. "నిన్న పొద్దున లాడ్జిల నుంచి బయటికి పోయిందట. ఫోన్ కలుస్తలేదు. తల్లి తప్పిపోయిందని బయటికి పొక్కనియ్యొద్దు అన్నడు. చీర దొరికితె చీర కాడ ఆమె దొరుకుతదని..."

"పొద్దుననే ఈ ముక్క చెప్పుంటె!" అని అరిచాను. నిజంగానే అరిచాను. కోపం వచ్చింది, ఇంకా ఉంది.

"అరిస్తె యాళ్ల పోతది" అన్నాడు ప్రభుదాసు. "ఇద్దరు ఆడికే పోయిండ్రు. సరే. రాత్రి ఎందుకు తిరిగి రాలే?"

వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. పక్కింటివాళ్లు దిగారు. ఆడవాళ్ల చేతుల్లో పొట్లాలు, వేయించిన చేపల వాసన. "సత్యమ్మొదినా, మీరు గూడ రావాల్నుండె. నిన్న పొద్దున్నే గేట్లెత్తిండ్రంట. జూరాల కాడ నీళ్లు ఎట్ల ఉరుకుతున్నయో!" అని సంబరంగా చెప్పి లోపలికి పోయారు.

 జూరాల నీళ్లు ఎటు పోతాయో పాలమూరులో పసిపిల్లలకు కూడా తెలుసు. దిగువకు, కొల్లాపూర్ దిక్కు, ఆ నీలంలోకే. అక్కడ నది పాయ ముందుగా నిండి దిన్నెలను చుట్టేస్తుంది. ఆ తర్వాత దిన్నెలు కూడా మునుగుతాయి.

నేను కొల్లాపూర్ పోలీసులకు ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినాయన మంచివాడే. పడవ పంపిస్తానన్నాడు. "ఏ దిన్నెమ్మా? అటు సూస్తె ఇటు సూస్తె నీళ్లే. మునిగిన ఊర్లు ఒకటా రెండా? బూరుగుదిన్నె అంటె ఇప్పటోళ్లకెవరికి తెల్వదు. జాగ సరింగ చెప్పుండ్రి, వెతుక్కుంట కూసుంటె పొద్దుమీకుతది" అన్నాడు.

"సంధ్యా, గుర్తు తెరువు. కింద నంబర్లుంటయి, అవి చెప్పు" అన్నాను.

సంధ్య ఫోను తెరిచింది. వేలితో తెరను కిందికి లాగింది, మళ్లీ లాగింది. "అక్కా" అంటూ ఫోను నా వైపు తిప్పింది.

తెరంతా బూడిద రంగు. నది లేదు, నీలం లేదు, గద్వాల లేదు, ఎర్ర గుర్తు లేదు. ఈ పేజీకి మ్యాపు చూపించే అనుమతి లేదని ఒక చిన్న వాక్యం ఉంది. మహేశ్వర్ అకౌంటు మూసేశాడు. అతని ఫోను కూడా మూగబోయింది. వణికిన ఆ సీసాను నా కళ్లతో చూసి కూడా అతన్ని వదిలేసి వచ్చాను.

సంధ్య నేల మీద కూలబడింది. "నా వల్లనే పోయిండు. నేను వేలు పెట్టమనకుంటె..."

ప్రభుదాసు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, రెండో చెయ్యి రాఘవేందర్ వైపు చాపాడు.  రాఘవేందర్ ఒక్క క్షణం ఆ చేతిని చూశాడు, తర్వాత తన ఫోను తీసి అందులో పెట్టాడు. సంధ్యను జైలుకు పంపడానికి దాచుకున్న ఫోటో. నీలం, ఎర్ర చుక్క, దాని కింద అంకెలు. ఆ అంకెలు చాలు, ఏ ఫోనైనా ఆ చోటికి దారి చూపిస్తుంది. నేను వాటిని కొల్లాపూర్‌కు చదివి వినిపించాను. రెండుసార్లు తప్పు చదివాను, మూడోసారి సరిగ్గా చదివాను.

"నా జీపున్నది" అన్నాడు రాఘవేందర్. "పాండ్రి."

సత్యమ్మ మాతో రాలేదు. కొంగు తీసి నడుముకు చుట్టుకుంది. "నేను రొట్టెలు చేసి పెడ్త. ఇద్దరికి చేస్త. ఆమెను గూడ తోలుకొని రాండ్రి" అని పొయ్యి దగ్గరికి పోయింది.

పెబ్బేరులో సంత రోజు. పశువులు రోడ్డుకు అడ్డంగా నింపాదిగా నడుస్తున్నాయి. రాఘవేందర్ హారన్ మీదినుంచి చెయ్యి తీయలేదు, అవి మాత్రం వినలేదు. కొమ్ములకు రంగులేసిన ఎడ్లు కిటికీలోంచి మమ్మల్ని చూసి, వాటి దారిన అవి పోయాయి. సంధ్య నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల చేతికి గంజి వాసన. ముందు సీట్లో ప్రభుదాసు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడని చాలాసేపటికి గానీ నాకు తెలియలేదు.

కొల్లాపూర్ దాటి మట్టిదారి పట్టాం. దారి ఒకచోట ఏ హెచ్చరికా లేకుండా నీళ్లలోకి దిగిపోయింది. అక్కడే జీపు ఆపాం. మబ్బులు విడిపోయి పడమటి వెలుతురు నీళ్ల మీద పరుచుకుంది. ఎర్రమట్టి కలిసిన కొత్త నీళ్లు చప్పుడు లేకుండా జరుగుతున్నాయి. అంత ప్రాణాంతకమైనవి అంత అందంగా ఉండకూడదు. కుడివైపు దూరంగా పోలీసు పడవ కనిపించింది. వరద వడికి పక్కకు కొట్టుకుపోతూ, మళ్లీ తిప్పుకుంటూ వస్తోంది.

రాఘవేందర్ ఫోటోలోని అంకెలను ప్రభుదాసు ఫోనులో ఎక్కించాం. బాణం గుర్తు సూటిగా నీళ్ల నడుమకు చూపించింది. అక్కడ దిన్నె లేదు. మొండిగోడ ఒకటి మాత్రం నీళ్లపైన మిగిలి ఉంది. దాని మీద మనుషులెవరూ లేరు.

"మామా!" అని సంధ్య కేక పెట్టింది. ఆ కేక నీళ్లన్నీ దాటిపోయింది, ఏ జవాబూ రాలేదు.

"గోడ పక్కకు సూడుండ్రి" అన్నాడు ప్రభుదాసు. "ఎర్రగ."

మిరపపండు అంచు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతికి చీర కొసను ముడివేసి ఉంది. ఎండలో జరీ మెరిసింది. ముడి తీరు అంత దూరం నుంచి కనిపించదు, అయినా కొస లోపలికి మడిచి ఉంటుందని నాకు తెలుసు. నీరుల్లిపొర రంగు చీర గోడ మీదినుంచి కిందికి దిగి, గోడ చాటున నీళ్లలోకి పోయింది. రాఘవేందర్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "కొట్టుకపోయిండ్రు" అన్నాడు, "చీర ఒక్కటే మిగిలింది."

"కాదు" అంది సంధ్య.

పుట్టినప్పటి నుంచి దారాల మధ్య పెరిగిన పిల్ల అది. నా చెయ్యి వదిలేసి మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచి పోయింది.

"ఉత్త చీరైతె నీళ్ల మీద తేల్తది అక్కా, వడికి అటిటు కొట్టుకుంటది. సూడు, అది కదుల్తలేదు. పడుగు తీరు గుంజి ఉన్నది. అవతల కొస పట్టుకొని ఎవరో ఉన్నరు."

ప్రభుదాసు పడవ వైపు చేతులు ఊపుతూ ఒడ్డు వెంట పరుగెత్తాడు. నేను గోడ వైపే చూస్తున్నాను. చీర బిగుసుకునే ఉంది. ఇంతలో, అవతలి బరువుకు, ముడివేసిన రాయి గోడలోంచి కొద్దిగా కదిలింది.